గుంటూరు వచ్చిన జాన్సెన్ గారి జీవిత చరిత్ర

ఈ నెల జీవిత చరిత్ర రాసే వంతు నాకు వచ్చింది. గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి, అంబేద్కర్ గారి గురించి ఇంతకు ముందే మన అక్కలు బాగా రాసేశారు. అందుకని నేను పియర్ జాన్సెన్ గారి గురించి రాస్తున్నాను. ఈయన ఫ్రాన్సు దేశస్థుడు, ఖగోళ శాస్త్రవేత్త. చనిపోయి నూరేళ్లు దాటిపోయింది. ఇంత దూరం వాడు మనకెందుకు అనుకోకండి. ఈయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని మన విజయవాడకి పక్కనే ఉన్న గుంటూరులో జరిగింది.

నేను ఈయన్ని ఎలా ఎంచుకున్నానో ముందు చెప్పాలి.

పోయిన నెల మాకు లాబ్‌లో వాయువుల పరీక్షలు చేయించారు. జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడబుడమని బుడగలు వచ్చాయి. పరీక్షనాళిక మూతి దగ్గర వెలుగుతున్న పుల్ల పెడితే టప్‌మని చప్పుడైంది. అది హైడ్రోజన్. పొటాషియం పర్మాంగనేటు వేడి చేసి, మంట ఆర్పేసి కొన మాత్రం ఎర్రగా ఉన్న పుల్లని లోపల పెడితే మళ్లీ భగ్గున అంటుకుంది. అది ఆక్సిజన్. సున్నపు తేటలోకి పంపితే తేట పాలలాగా తెల్లబడితే కార్బన్ డై ఆక్సైడ్. దీనికి సామాను కూడా అక్కర్లేదు, గొట్టంతో మన ఊపిరి ఊదినా తెల్లబడుతుంది. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారితే అమ్మోనియా. దాని వాసన ముందే కొట్టింది. వాసన చూడాలంటే ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, చేత్తో విసురుకోవాలి.

అంతా అయ్యాక నాకు ఒక అనుమానం వచ్చింది. సూర్యుడిలో హైడ్రోజన్, హీలియం ఉన్నాయి అని పుస్తకంలో ఉంది కదా, మరి అక్కడికి పుల్ల వెలిగించుకుని ఎవరు వెళ్లారు అని అడిగాను. క్లాసంతా నవ్వింది. మేడంగారు కూడా నవ్వారు గానీ, మర్నాడు లైబ్రరీ బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి ఇచ్చి చదువుకోమన్నారు. అందులో ఈ జాన్సెన్ గారు ఉన్నారు. అది చదివాక మేడంగారిని ఇంకా చాలా అడిగి తెలుసుకున్నాను.

చదువుతుంటే నాకు మా తాత గుర్తుకొచ్చాడు. మాది దివిసీమ, మేము యానాదులం. మా తాత పాత బావుల్లో పూడిక తీసే పనికి పోయేవాడు. ఎంత తొందర పెట్టినా సరే, ముందు తాడుకి లాంతరు కట్టి బావిలోకి దించేవాడు. దీపం వెలుగుతూ ఉంటే దిగేవాడు, ఆరిపోతే దిగేవాడు కాదు. ఒకసారి సగం లోతుకి పోకుండానే దీపం ఆరిపోయింది. తాత దిగనన్నాడు. బావి గల ఆసామి కేకలేశాడు, ఆ రోజు కూలి ఇవ్వలేదు. తాత వేపకొమ్మ నరికి తాడుకి కట్టి పైకీ కిందకీ లాగి లాగి బావిలో గాలి ఆడించాడు. మర్నాడు దీపం ఆరలేదు, అప్పుడు దిగాడు. బరువైన కార్బన్ డై ఆక్సైడ్ అడుగున పేరుకుంటుందని, ఆక్సిజన్ చాలకపోతే దీపం ఆరుతుందని తాతకి తెలీదు. ఆ పేర్లు నాక్కూడా ఈ సంవత్సరమే తెలిసినాయి. కానీ తాను దిగకుండా, పైనే నిలబడి, లోపల ఏ గాలి ఉందో దీపాన్ని అడిగి తెలుసుకున్నాడు. జాన్సెన్ గారు జీవితమంతా చేసింది ఇలాంటి పనే. కాకపోతే ఆయన బావి సూర్యుడు.

ఇక ఆయన కథ.

జాన్సెన్ గారు 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో పుట్టారు. తండ్రి సంగీత విద్వాంసుడు. చిన్నప్పుడే ఒక ప్రమాదం జరిగి ఆయన కాలు దెబ్బతింది. ఇక జన్మంతా కుంటుతూనే నడిచారు. ఆ కాలు మూలంగా చిన్నతనంలో బడికి పోలేదు. ఇంట్లో డబ్బు ఇబ్బంది వచ్చి కుర్రతనంలోనే బ్యాంకులో పనికి కుదిరారు. పని చేసుకుంటూ చదువుకున్నారు. 1852లో గణితంలో డిగ్రీ వచ్చేటప్పటికి ఆయనకి 28 ఏళ్లు. డాక్టరేటు 1860లో, అంటే 36 ఏళ్లకి. మన హాస్టల్లో వయసు దాటిపోయాక బడిలో చేరిన వాళ్లని ముసలి పిల్లలు అని ఏడిపిస్తారు. నన్నూ ఏడిపించారు. ఏడిపించేవాళ్లు ఈ రెండు సంవత్సరాలూ ఇంకోసారి చదవండి.

కాలు బాగోలేని మనిషి ఇంటి పట్టున ఉండాలి అని ఆయన అనుకోలేదు. 1857లో పెరూ దేశం పోయారు. భూమి అయస్కాంతం లెక్కలు కొలవడానికి పోయి, అక్కడ జబ్బు చేసి తిరిగొచ్చారు. అయినా తిరగడం మానలేదు. పటంలో ఆయన తిరిగిన చోట్లన్నీ గుర్తు పెట్టుకుంటూ పోతే నా పెన్సిల్ అరిగింది.

ఆ రోజుల్లోనే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఒక కొత్త సంగతి కనిపెట్టారు. అది 1859, 1860 సంవత్సరాల్లో. మన లాబ్‌లో బున్సెన్ బర్నర్ ఉంది కదా, ఆ బున్సెన్ గారే. వాళ్లు కనిపెట్టింది ఏమిటంటే, ప్రతి మూలకాన్నీ మంటలో వేడి చేస్తే దానికంటూ ఒక రంగు వెలుతురు ఇస్తుంది. పొయ్యి మంటలో ఉప్పు పడితే మంట పచ్చగా, అంటే పసుపుగా అవుతుంది. అది ఉప్పులో ఉన్న సోడియం. (వార్డెన్ మేడంగారు క్షమించాలి, ఇది చూడటానికి వంటగదిలో చిటికెడు ఉప్పు నేనే తీసుకున్నాను.) ఆ వెలుతురుని పట్టకంలోంచి పంపి చూస్తే ఇంద్రధనుస్సులాగా పూర్తిగా పరుచుకోదు. నల్లటి దాని మీద సన్నని రంగు గీతలు కనిపిస్తాయి. సోడియానికి పసుపు గీతలు, హైడ్రోజన్‌కి ఒక ఎర్ర గీత, ఒక నీలం-ఆకుపచ్చ గీత, ఇంకొన్ని. ఒకరి వేలిముద్ర ఇంకొకరికి రానట్టే ఒకదాని గీతలు ఇంకోదానికి రావు. ఈ గీతలు చూసే పరికరం పేరు వర్ణపటదర్శిని. ఎండలో కూడా గీతలున్నాయి, కాకపోతే అవి నల్లవి. వెలుతురు వచ్చే దారిలో ఏదైనా వాయువు ఉంటే తన గీతల చోట వెలుతురుని మింగేస్తుంది, అందుకని అక్కడ నల్లగా ఉంటుంది.

అంటే పుల్ల అక్కర్లేదు, సున్నపు తేట అక్కర్లేదు, వాయువుని నాళికలో పట్టక్కర్లేదు. దాని వెలుతురు మన దాకా వస్తే చాలు.

జాన్సెన్ గారు దీన్ని పట్టుకున్నారు. ఎండలో కొన్ని నల్ల గీతలు పొద్దున్నా సాయంత్రం ముదురుగా, మధ్యాహ్నం పలచగా ఉండటం చూశారు. పొద్దున్నా సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి మన గాలిలో ఎక్కువ దూరం నడిచి వస్తుంది. కాబట్టి ఈ గీతలు సూర్యుడివి కావు, మన గాలివి అని ఆయన అన్నారు. గాలిలో ఏది? నీటి ఆవిరి అని ఆయన నమ్మకం. నమ్మకం ఉంటే చాలదు, పరీక్ష చేసి చూపించాలి. 1864లో జెనీవా సరస్సు ఒడ్డున కట్టెలు పేర్చి పెద్ద మంట వేయించి, 21 కిలోమీటర్ల అవతల నిలబడి ఆ మంటని వర్ణపటదర్శినిలో చూశారు. దగ్గర నుంచి చూస్తే మంటలో ఆ గీతలు లేవు. సరస్సు మీది తడి గాలి దాటి వచ్చాక ఉన్నాయి! అయినా తృప్తి పడలేదు. 1866లో పారిస్‌లో ఒక గ్యాసు ఫ్యాక్టరీలో 37 మీటర్ల పొడుగు ఇనుప గొట్టం పెట్టి, దాని నిండా నీటి ఆవిరి నింపి, ఒక చివర గ్యాసు దీపాలు వెలిగించి, రెండో చివర నుంచి చూశారు. అవే గీతలు వచ్చాయి. మన పరీక్షనాళిక జానెడు. ఆయనది 37 మీటర్లు. నేను మన వరండాలో అడుగులు వేసి లెక్కపెట్టాను, 37 మీటర్లకి వరండా చాలలేదు.

1867లో గ్రీసు దేశంలో శాంటోరిని అనే దీవిలో అగ్నిపర్వతం మండుతుంటే అక్కడికీ పోయారు. ఆ మంటల్లో హైడ్రోజన్ ఉందని గీతలు చూసి చెప్పారు. అగ్నిపర్వతం నోట్లో పరీక్షనాళిక ఎవరు పెడతారు?

ఇప్పుడు గుంటూరు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వస్తుందని లెక్కలు కట్టారు. ఆ నీడ మన దేశం మీదుగా పడమర నుంచి తూర్పుకి పోతూ గుంటూరు, బెజవాడ, మచిలీపట్నం అన్నీ కప్పుకుంటూ సముద్రం మీదికి పోతుంది. అప్పట్లో విజయవాడని బెజవాడ అనేవారు. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి నాలుకల్లాంటివి కనిపిస్తాయని అంతకు ముందు గ్రహణాల్లో చూసినవాళ్లకి తెలుసు. అవి ఏమిటో మాత్రం తెలీదు. మబ్బులా, మంటలా, కొండలా? ఒట్టి కంటి భ్రమేనని అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఫ్రాన్సు ప్రభుత్వం తరఫున జాన్సెన్ గారు బయల్దేరారు. అప్పటికి సూయెజ్ కాలువ తెరవలేదు, అది 1869లో తెరిచారు. మద్రాసు వచ్చి, అక్కడ నుంచి స్టీమరు మీద మచిలీపట్నం రేవుకి వచ్చి, గుంటూరు చేరారు. మచిలీపట్నం అప్పటికి ఇంకా కోలుకోలేదు. నాలుగేళ్ల ముందే, 1864 నవంబరు 1న, ఉప్పెన వచ్చి అక్కడ వేలమంది పోయారు. మా దివిసీమ వాళ్లకి 1977 ఉప్పెన సంగతి పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు, అందుకని ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది గానీ రైలు వంతెన లేదు. అది 1893లో వచ్చింది.

ఆగస్టు అంటే మనకి వానలు. ఆయనకి భయమంతా మబ్బుల గురించే. గుంటూరు అటు కొండలకి, ఇటు సముద్రానికి మధ్యలో ఉంది కాబట్టి మబ్బు తక్కువ ఉంటుందని ఎంచుకున్నారు. ఊళ్లో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద పై అంతస్తులో దూరదర్శినులు పెట్టుకున్నారు. అప్పుడు గుంటూరు పత్తి వ్యాపారానికి పెద్ద ఊరు.

18వ తేదీ పొద్దున్న తొమ్మిది గంటల ప్రాంతంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు. అయిదు నిమిషాలకి పైగా చీకటి. ఊళ్లో జనం ఏం చేశారో పుస్తకంలో రాయలేదు. నాకు మా నాయనమ్మ చేసేది తెలుసు. గ్రహణం అంటే కుండల మీద దర్భ పుల్ల వేస్తుంది, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడుతుంది, పిల్లల్ని గుడిసెలోంచి బయటికి రానివ్వదు. ఆ రోజు గుంటూరులో కూడా తలుపులు వేసుకున్నవాళ్లు ఉండే ఉంటారు. మేడ మీద మాత్రం కాలు కుంటే 44 ఏళ్ల మనిషి కన్ను తిప్పకుండా చూస్తున్నాడు.

ఎర్ర నాలుకలు రెండు కనిపించాయి. వర్ణపటదర్శిని వాటి మీద తిప్పితే, పూర్తి ఇంద్రధనుస్సు రాలేదు, విడివిడిగా మెరిసే గీతలు వచ్చాయి. అంటే అవి కొండలు కావు, కంటి భ్రమ కూడా కాదు, మండుతున్నట్టు వెలిగే వాయువు. ఎర్ర గీత, నీలం-ఆకుపచ్చ గీత ఉన్నాయి కాబట్టి ముఖ్యంగా అది హైడ్రోజన్. నా ప్రశ్నకి జవాబు ఇదే. పుల్ల వెలిగించుకుని ఎవరూ పోలేదు. గుంటూరులో మేడ మీద కూర్చుని చూశారు.

అంతటితో సంతోషపడి సామాను సర్దుకోవచ్చు. చాలామంది సర్దుకున్నారు కూడా. జాన్సెన్ గారికి మాత్రం ఒక ఆలోచన తట్టింది. ఆ గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనిపించాలే అనిపించింది. సూర్యుడు మళ్లీ బయటికి వచ్చేశాడు. ఆ రోజంతా మబ్బు పట్టి చూడటానికి వీలు పడలేదు. రాత్రి ఆయనకి నిద్ర పట్టి ఉండదని నేను అనుకుంటున్నాను. 19వ తేదీ తెల్లవారకముందే లేచి అన్నీ సిద్ధం చేసుకుని, సూర్యుడు రాగానే వర్ణపటదర్శిని సన్నని చీలికని సూర్యుడి అంచుకి ఆనించి చూశారు. గీతలు కనిపించాయి! గ్రహణం లేదు, చీకటి లేదు, పట్టపగలు!

ఇది ఎలా సాధ్యమని నాకు మొదట అర్థం కాలేదు. పగలు దీపం పెడితే ఎవరికి కనిపిస్తుంది? మేడంగారు చెప్పాక నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఒక బిందె నీళ్లు వాకిలంతా చిమ్మితే నేల తడిసీ తడవనట్టు ఉంటుంది. అదే బిందె నీళ్లు సన్నని బోదెలో పోస్తే పారుతుంది. మామూలు ఎండ పట్టకంలోంచి పోయినప్పుడు అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడుతుంది. ఎర్ర నాలుక వెలుతురు రెండు మూడు గీతల్లోనే పోగై ఉంటుంది, ఎంత పరిచినా పలచబడదు. అందుకని వెలుతురు మధ్యలో కూడా గీత తేలి కనిపిస్తుంది.

సెప్టెంబరు మొదటి వారం దాకా ఆయన గుంటూరులోనే ఉండి 17 రోజులు ప్రతిరోజూ సూర్యుడి అంచు చుట్టూ ఈ వాయువు బొమ్మ గీసుకున్నారు. లోకమంతా గ్రహణం అయిదు నిమిషాల కోసం ఏళ్లకేళ్లు కాచుకుని ఉంటే, ఈయనకి రోజూ గ్రహణమే. ఈ సంగతి రాసి పారిస్‌కి ఉత్తరం పంపారు. ఉత్తరం ఓడలో పోయేసరికి అక్టోబరు అయింది. ఈలోపు ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన కూడా సొంతంగా ఇదే పద్ధతి ఆలోచించి, అక్టోబరు 20న గ్రహణం లేకుండానే గీతలు చూశారు. ఇద్దరి కబురూ పారిస్‌లో అకాడమీకి ఒకే రోజు, అక్టోబరు 26న అందాయి. ఎవరు ముందు అని కొట్లాట రావాల్సింది. రాలేదు. ఇద్దరూ స్నేహితులయ్యారు. 1872లో ఫ్రాన్సు వాళ్లు ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద అచ్చు వేశారు.

ఇక్కడ ఒక తప్పు సరిచేయాలి. పోయిన సంవత్సరం క్విజ్‌లో హీలియంని ఎవరు, ఎక్కడ కనిపెట్టారు అని అడిగితే, గుంటూరులో జాన్సెన్ అని చెప్పి మా గ్రూపు మార్కు కొట్టేసింది. పెన్సిలు డబ్బా బహుమతి కూడా వచ్చింది. చాలా పుస్తకాల్లో అలాగే ఉంది. కానీ జరిగింది పూర్తిగా అది కాదు. గ్రహణం రోజు సూర్యుడి అంచున ఒక పసుపు గీత కూడా ఉంది. దాన్ని చూసినవాళ్లు ఒక్కరు కాదు. గుంటూరులోనే ఇంకో చోట ఇంగ్లీషు వాళ్ల బృందం మేజర్ టెన్నంట్‌తో ఉంది, వాళ్లు చూసి సోడియం గీత అనుకున్నారు. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల నుంచి వచ్చిన పాగ్సన్ గారు చూశారు, సోడియం గీత చోటనో దాని దగ్గరనో ఉందని రాసుకున్నారు. ఆ దగ్గరనో అనే మాటలోనే అంతా ఉంది, కానీ ఆయన రాసింది ఎక్కువమంది చదవలేదు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు ఇంకో బృందంతో వనపర్తిలో ఉన్నారు. జాన్సెన్ గారు పంపిన కబుర్లలో కొత్త మూలకం ఉందనే మాటే లేదు. పసుపు గీత సోడియంది కాదు, కాస్త పక్కగా ఉంది అని గట్టిగా పట్టుకున్నది లాకియర్ గారు. భూమి మీద దేనికీ ఆ గీత లేదు కాబట్టి గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 1895లో లండనులో విలియం రామ్సే గారు యురేనియం ఉన్న ఒక రాయి మీద ఆమ్లం పోసి, వచ్చిన వాయువుని నాళికలో పట్టి చూస్తే అదే పసుపు గీత వచ్చింది. అప్పుడు ఒప్పుకున్నారు.

ఈ హీలియంకి మన పరీక్షలన్నీ చేస్తే ఏమవుతుందో తెలుసా? పుల్ల పెడితే టప్ అనదు, భగ్గుమనదు, పుల్ల ఊరికే ఆరిపోతుంది. సున్నపు తేట తెల్లబడదు. లిట్మస్ మారదు. వాసన లేదు, రంగు లేదు. అది ఉందని చెప్పేది ఆ గీతలే. అందుకే భూమి మీద దొరకకముందే సూర్యుడిలో దొరికింది.

తప్పు తెలిశాక మొదట నాకు దిగులేసింది. మన గుంటూరు పేరు తీసేసినట్టు అనిపించింది. పెన్సిలు డబ్బా తిరిగి ఇవ్వాలా అని కూడా మా గ్రూపు వాళ్లం మాట్లాడుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, గుంటూరులో జరిగింది చిన్నదేం కాదు. ఒక వాయువు పేరు కనిపెట్టడం వేరు, రోజూ చూసే దారి కనిపెట్టడం వేరు. లాకియర్ గారు పసుపు గీతని తీరుబడిగా కొలవగలిగింది కూడా గ్రహణం అక్కర్లేని ఆ పద్ధతిలోనే. డబ్బా మా దగ్గరే ఉంది.

గుంటూరు నుంచి ఆయన హిమాలయాలకి పోయి సిమ్లాలో పరిశీలనలు చేశారు. తర్వాత ఫ్రాన్సు వెళ్లారు. 1870లో జర్మను సైన్యం పారిస్ నగరాన్ని చుట్టుముట్టింది. లోపలి వాళ్లు బయటికి పోలేరు. డిసెంబరు 22న ఆల్జీరియాలో గ్రహణం ఉంది. ఏం చేశారో ఊహించండి. డిసెంబరు 2న గ్యాసు నింపిన బెలూను ఎక్కి సైన్యం నెత్తి మీదుగా ఎగిరిపోయారు! దూరదర్శిని సామాను కూడా వెంట ఉంది. సముద్రం అంచు దాకా పోయి, నీళ్లలో పడకుండా దిగారు. ఆల్జీరియాలో ఒరాన్ అనే ఊరు చేరారు. తీరా గ్రహణం రోజు మబ్బు పట్టింది. ఏమీ కనిపించలేదు. నాకు ఇది చదివితే ఏడుపొచ్చింది. ఆయన మాత్రం మరుసటి ఏడు, 1871 డిసెంబరు 12 గ్రహణానికి మళ్లీ మన దేశం వచ్చి నీలగిరి కొండల్లో చూశారు. అప్పుడు ఆకాశం బాగుంది.

1874లో శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి పోతుంటే చూడటానికి జపాను పోయారు. దానికోసం తుపాకీ మందుగుళ్ల చక్రం తిరిగినట్టు తిరుగుతూ వరసగా ఫొటోలు తీసే కెమెరా చేయించారు. సినిమా పుట్టకముందు సంగతి ఇది. తర్వాత పారిస్ పక్కన మ్యూడాన్ అనే చోట నక్షత్రశాల పెట్టి చివరి దాకా దానికి పెద్దగా ఉన్నారు. ఇవన్నీ చాలా ఉన్నాయి, చార్టులో చోటు చాలదు.

ఒక్కటి మాత్రం రాయాలి, ఆక్సిజన్ సంగతి. ఎండలో ఆక్సిజన్ గీతలు కూడా కనిపిస్తాయి. అవి సూర్యుడివా, మన గాలివా? నీటి ఆవిరి దగ్గర వచ్చిన ప్రశ్నే మళ్లీ వచ్చింది. 1889లో ఈఫిల్ టవరు కొత్తగా కట్టారు. దాని మీద వెలిగే దీపాన్ని ఏడు కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న మ్యూడాన్ నుంచి చూసి గీతలు కొలిచారు. అదీ చాలక, కొండ ఎక్కితే మన గాలి తగ్గుతుంది కాబట్టి గీతలు కూడా తగ్గాలి అని మోంట్ బ్లాంక్ ఎక్కాలనుకున్నారు. అది ఆల్ప్స్ పర్వతాల్లో 4,800 మీటర్ల ఎత్తు, పైనంతా మంచు. ఆయనకి అరవై దాటాయి, కాలు సరిగా లేదు. నిచ్చెనలాంటి దానికి కుర్చీ కట్టి కొండవాళ్లు మోశారు, మంచు మీద బండిలో పెట్టి లాగారు. మన్యంలో రోడ్డు లేని ఊళ్ల నుంచి డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకొస్తారే, అచ్చం అలాగే. 1888లో సగం దాకా, 1890లో శిఖరం దాకా, 1893లో మళ్లీ శిఖరానికి ఎక్కారు. అప్పుడు ఆయన వయసు 69. శిఖరం మీద మంచులోనే ఒక చెక్క నక్షత్రశాల కట్టించారు. మోసినవాళ్ల పేర్లు నేను చదివిన పుస్తకంలో లేవు. ఉంటే ఇక్కడ రాసేదాన్ని.

పైకి పోయినకొద్దీ ఆక్సిజన్ గీతలు పలచబడ్డాయి. ఆ గీతలు మన గాలివే అని తేలింది. మనం లాబ్‌లో పుల్ల పెట్టి ఒక్క నిమిషంలో తేల్చే ఆక్సిజన్ కోసం ఆయన ఈఫిల్ టవరు దీపం చూశారు, మంచుకొండ ఎక్కారు.

1907 డిసెంబరు 23న మ్యూడాన్‌లో 83 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. మోంట్ బ్లాంక్ మీద కట్టిన నక్షత్రశాల మెల్లగా మంచులో కూరుకుపోయింది. 1909లో దాన్ని విప్పేశారు.

చివరిగా ఒక సంగతి. వర్ణపటదర్శిని మన బడిలో లేదు గానీ పాత సీడీ ఉంటే కొంచెం చూడొచ్చు. రాత్రి ట్యూబ్‌లైటు కింద సీడీని ఏటవాలుగా పట్టుకుంటే రంగులు కనిపిస్తాయి. పాత మెలికల బల్బు కింద పడితే రంగులు కలిసిపోకుండా విడివిడిగా, మధ్యలో ఖాళీలతో కనిపిస్తాయి. ఆ బల్బులో ఉన్న వాయువు పాదరసం ఆవిరి. స్టోర్ రూము దగ్గర అలాంటి బల్బు ఒకటి ఇంకా వెలుగుతోంది. సూర్యుడికి మాత్రం ఎప్పుడూ చూపించకండి, కళ్లు పోతాయి. సీడీ నా పెట్టెలో ఉంది. ఆదివారం భోజనాల గంట తర్వాత అడిగితే ఇస్తాను, గీతలు పడకుండా తిరిగి ఇవ్వాలి.